ఎర్ర కారు బేరం

పురంధర్ కారు అమ్ముడుపోవడం లేదు.

ఏడాదిగా అమ్ముతూనే ఉన్నాడు. నెట్‌లో ప్రకటన పెట్టాడు, పేపర్లో వేయించాడు, విశాఖపట్నంలో తన కళ్ళద్దాల షాపుకి వచ్చినవాళ్ళందరి చెవినీ వేశాడు. చూడ్డానికి జనం వస్తూనే ఉన్నారు. వస్తున్నారు, మురుస్తున్నారు, మళ్ళీ ఫోను చేస్తామని చెప్పి వెళ్ళిపోతున్నారు. చేసినవాడు ఒక్కడూ లేడు.

కారు మాత్రం ముచ్చటైనదే, ఆ మాట ఒప్పుకోవాలి. దానిమ్మగింజ ఎరుపు. రెండే రెండు సీట్లు. పైకప్పు దళసరి గుడ్డది, వెనక్కి మడిచి పెట్టేసుకుంటే నెత్తిమీద ఆకాశమే. పెళ్ళికి ముందు సరదాపడి కొన్నాడు. పెళ్ళయిన కొత్తలో ఇందుమతిని పక్కన కూర్చోబెట్టుకుని బీచి రోడ్డు మీద తిప్పుతుంటే, నడిచేవాళ్ళు ఆగి మరీ చూసేవాళ్ళు.

తర్వాత కిన్నెర పుట్టింది. అక్కడొచ్చింది చిక్కు. మనుషులు ముగ్గురు, సీట్లు రెండు. ఒళ్ళో పెట్టుకునే వయసు దాటిపోయాక పిల్లనెక్కడ కూర్చోబెడతారు, డిక్కీలోనా? కారున్నవాడు బస్సెక్కడమేమిటని పురంధర్ పట్టు. అంచేత ఎక్కడికెళ్ళినా అతను కారులో ముందు వెళతాడు, ఇందుమతి పిల్లని వెంటబెట్టుకుని బస్సులో వెనక వస్తుంది. మొదట్లో ఇది ఇంట్లో నవ్వులాటగానే ఉండేది. పోనుపోను నవ్వేది పురంధర్ ఒక్కడే అయ్యాడు.

"జూన్‌లో పిల్లని ఒకటో క్లాసులో వేస్తున్నాం," అంది ఇందుమతి ఒకరోజు, పప్పులో పోపు పెడుతూ. "మొదటిరోజు ముగ్గురం కలిసి వెళ్ళాలి. ఆరోజు కూడా మీరు ముందూ మేం వెనకా అయితే, అటునుంచి అటే మా అన్నయ్యావాళ్ళింటికి బస్సెక్కేస్తాను. మళ్ళీ ఎప్పుడొస్తానో నన్నడగద్దు."

అరిచి ఉంటే పురంధర్ అంతగా భయపడేవాడు కాదు. ఆవిడ మామూలుగా చెప్పింది, మామూలుగా మూత పెట్టింది, మామూలుగా అన్నం వడ్డించింది.

మే నెల సగం గడిచిపోయింది. ఇంక లాభం లేదని గురువుగారి దగ్గరికి బయల్దేరాడు.

భీమిలి వెళ్ళే దారిలో ఒక పక్క సముద్రం, ఇంకో పక్క జీడితోటలు. ఆ తోటల అంచున రెండు గదుల ఆశ్రమం ఉంది. బోర్డు మీద ఏదో పెద్ద పేరే ఉండేది, ఉప్పుగాలికి సగం అక్షరాలు రాలిపోయాయి. స్వామివారికీ శాస్త్రోక్తంగా ఒక పేరుంది. చుట్టుపక్కలవాళ్ళు మాత్రం ఆయన్ని ఊరికేస్వామి అంటారు. ఎందుకు నవ్వుతున్నారు స్వామీ అంటే "ఊరికే" అంటారు. ఎందుకు మాట్లాడట్లేదంటే దానికీ "ఊరికే." పురంధర్ చాలా ఏళ్ళుగా ఆయన శిష్యుడు. గురువారం గురువారం వచ్చి కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. వచ్చేది ఆ కారులోనే, ఒక్కడే.

స్వామి అరుగు మీద కూర్చుని గోరుచిక్కుళ్ళకి ఈనెలు తీస్తున్నారు.

"స్వామీ, మనసు కుదురుగా ఉండటం లేదు. కారుకి సరైన ధరేమిటో మీరే చెప్పాలి."

"నువ్వెంతంటున్నావు?"

"పద్నాలుగు లక్షలు."

"వచ్చినవాళ్ళో?"

"ఎనిమిదంటారు, తొమ్మిదంటారు. మరీ అన్యాయం స్వామీ. వాళ్ళకి దాని విలువ తెలీదు."

"నీకు తెలుసుగా. లెక్క చెప్పు."

పురంధర్ మఠం వేసుకుని కూర్చుని చెప్పాడు. కొన్న ధరలోంచి అరుగుదల తీసేశాడు. కొత్త టైర్లు కలిపాడు. పైకప్పు గుడ్డ మార్పించింది కలిపాడు, రంగుకి మెరుగు పెట్టించింది కలిపాడు. ఇంకొకరి చెయ్యి పడకుండా నడిపినందుకు కొంత, వానలో తడవనివ్వనందుకు కొంత. అంత అపురూపంగా చూసుకున్నందుకు కూడా కొంత కలిపాడు, ఆ ముక్క మాత్రం కాస్త గొణిగినట్టు చెప్పాడు.

స్వామి ఒక ఈనె లాగి పక్కన పడేశారు.

"ఇంకేమైనా మరిచిపోయావా?"

పురంధర్ నిజంగానే ఆలోచించాడు. "లేదు స్వామీ. అంతా వేశాను."

"వచ్చినవాళ్ళు బండి నడిపి చూశారా?"

"చూశారు. నేను పక్కన కూర్చునే ఉన్నాను."

"ప్రతిసారీనా?"

"అయ్యో, లేకపోతే ఎలా స్వామీ? ఒకాయన గేరు మారుస్తుంటే నా పళ్ళు జివ్వుమన్నాయి. ఇంకో కుర్రాడైతే బ్రేకు మీద ఎక్కి నిలబడ్డాడనుకోండి. మెత్తగా బాబూ, మెత్తగా అని దారి పొడుగునా చెప్తూనే ఉన్నాను. ఇంకొకాయన వాళ్ళమ్మగారిని ఎక్కించుకుంటానన్నాడు. సీటేదీ? ఆవిణ్ణి మా గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి పెద్దావిడ మొహం ఇంతచేసుకుని ఉంది. బేరం అక్కడే పోయింది. నేనేం చేశాను స్వామీ, కుర్చీ కూడా వేశానుగా!"

స్వామి పొట్ట పట్టుకుని నవ్వారు.

"ఎందుకు స్వామీ నవ్వుతారు?"

"ఊరికే. ఈసారి బేరమొస్తే ఇక్కడికే రమ్మను. ఇందుమతినీ పిల్లనీ కూడా రమ్మను."

"వాళ్ళెందుకు స్వామీ?"

"ఊరికే," అన్నారాయన. "గోరుచిక్కుడు కూర తిని వెళ్దురుగాని."

ఆ వారంలోనే ఒక బేరమొచ్చింది. తగరపువలసలో టిఫిన్ హోటలు నడిపే పోలినాయుడట. ఆదివారం భార్యతో కలిసి ఆశ్రమానికే వస్తానన్నాడు.

పురంధర్ పెందలాడే చేరుకున్నాడు, పైకప్పు మడిచేసి, జుట్టు గాలికి ఎగరేసుకుంటూ. కారుని ఆశ్రమం గేటు ముందు వేపచెట్టు నీడలో నిలిపి, మెత్తటి గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. ముందు రోజు రాత్రి తుడిచిందే. అయినా చంటిపిల్లకి తల తుడిచినట్టు మళ్ళీ తుడిచాడు.

చాలాసేపటికి భీమిలి బస్సు వచ్చి ఆగింది. ఇందుమతి దిగింది. భుజాన పెద్ద సంచీ, చంకలో గొడుగు, వేలు పట్టుకుని కిన్నెర. ఇద్దరి జుట్టూ చెమటకి నుదుటికి అతుక్కుపోయింది.

"ఇంత ఆలస్యమైందేం?" అన్నాడు పురంధర్.

ఆవిడ అతని వైపు ఒక చూపు చూసింది. ఆ చూపేమిటో ఆలోచించుకునే తీరిక అతనికి లేకపోయింది, అప్పుడే ఒక మోపెడ్ టపటపలాడుతూ వచ్చి ఆగింది.

పోలినాయుడు పొడుగాటి మనిషి, మీసం నెరిసింది. వెనక అతని భార్య పైడమ్మ, ఒళ్ళో స్టీలు డబ్బా. ఇద్దరూ ముందు స్వామికి దణ్ణం పెట్టుకున్నారు.

"ఇడ్లీలు సామీ. పొద్దుటి వాయే. అదవగానే హోటలు మూసేసొచ్చినాం," అని పైడమ్మ డబ్బా ఆయన చేతికిచ్చింది.

పోలినాయుడు కారు చుట్టూ తిరిగి చూశాడు. వంగి కింద కూడా చూశాడు. పురంధర్ వెనకే నడిచాడు.

"హోటలుకి సరుకులు తెచ్చుకోడానికైతే ఇది పనికిరాదండీ. చూశారుగా, రెండే సీట్లు," అన్నాడు. అమ్మేవాడు అనాల్సిన మాటేనా అది! కానీ అనేశాడు.

"అందుకే కదా బాబూ వొచ్చినాం," అన్నాడు పోలినాయుడు. "హోటలెట్టి పాతికేళ్ళయింది. నాను పొయ్యికాడుంటే ఇది గల్లాకాడ. ఇది పొయ్యికాడుంటే నాను గల్లాకాడ. పెళ్ళికెల్లినా సావుకెల్లినా ఒకలమే ఎల్లాల. పిల్లలు ఎవుల కాపరాలు ఆళ్ళు సేసుకుంతన్నారు. ఇప్పుడు సోమారం సోమారం హోటలు మూసేత్తన్నాం. ఇద్దరం పక్కపక్కన కూకోని ఎక్కడికైనా ఎల్లాలని దీని కోరిక."

"నా కోరికేటి, నీదే! నానెప్పుడన్నాను?" అంది పైడమ్మ. మూతి తిప్పింది గానీ కళ్ళు కారు మీదే ఉన్నాయి.

"సరుకుల వ్యాను నానే తోల్తాను బాబూ, బయపడకండి. ఓ సుట్టు ఏసొత్తాం."

పురంధర్ తాళమిచ్చాడు. పోలినాయుడు చెప్పులు విప్పి, పాదాలు దులుపుకుని, స్టీరింగు ముందు కూర్చున్నాడు. పైడమ్మ చుట్టూ తిరిగి ఇవతలి తలుపు దగ్గరికి వచ్చింది. అక్కడ పురంధర్ చెయ్యి అడ్డంగా ఉంది.

"మీరిక్కడే ఉండండమ్మా. పక్కన నేను కూర్చోవాలి. నేను లేకుండా బండి కదలదు, అది నా పద్ధతి."

పైడమ్మ వెంటనే వెనక్కి తగ్గింది. "అలాగేనండి బాబూ. నానుంటాను. నాకలవాటే."

చెట్టు కింద సంచీ సర్దుకుంటున్న ఇందుమతి ఆ మాటకి తలెత్తింది.

స్వామి కిన్నెరని ఎత్తుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నారు. అక్కణ్ణించి తాపీగా నడిచొచ్చారు. పురంధర్ తలుపు తీసి ఒక కాలు లోపల పెట్టబోతున్నాడు. స్వామి పిల్లని అతని చేతుల్లో పెట్టేశారు.

అయిదేళ్ళు నిండిన పిల్ల, బరువే. రెండు చేతులూ కావాల్సివచ్చాయి. పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకోక తప్పలేదు.

"ఎక్కమ్మా," అన్నారు స్వామి పైడమ్మతో, తలుపు పట్టుకుని.

ఆవిడ మొగుడి వంక చూసింది, పురంధర్ వంక చూసింది, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఎక్కి కూర్చుంది. స్వామి తలుపు చప్పుడు కాకుండా వేశారు.

కారు కదిలింది. రోడ్డెక్కింది. జీడితోట మలుపు తిరిగింది. దాని వెనక లేచిన దుమ్మంతా వచ్చి పురంధర్ ఇస్త్రీ చొక్కా మీద వాలింది.

"స్వామీ!" అన్నాడు పీల గొంతుతో. "ముక్కూ మొహం తెలియనివాళ్ళు. తిరిగి రాకపోతే?"

"రాకపోతే హోటలు మనదే. నేను ఇడ్లీలు వేస్తాను, నువ్వు గల్లా చూసుకో," అని, కూర మాడుతోందంటూ స్వామి లోపలికి వెళ్ళిపోయారు.

పురంధర్ పిల్లని దింపాడు. రోడ్డు దాకా నడిచాడు, వెనక్కొచ్చాడు. మళ్ళీ నడిచాడు. ఎండ ముదిరింది. చొక్కా వీపుకి అంటుకుంది. ఏమిటింతసేపు? భీమిలి దాకా వెళ్ళిపోయారా? మూడో గేరు కాస్త మొరాయిస్తుందని చెప్పనేలేదే! ఎవరూ లేని రోడ్డు మీద ఇలా పనిలేకుండా నిలబడి ఎన్నేళ్ళయిందో అతనికి గుర్తు కూడా లేదు. చేతులేం చేసుకోవాలో తెలియలేదు.

ఇందుమతి అప్పటికే రోడ్డు పక్క కల్వర్టు గోడ మీద పాత తువ్వాలు పరిచింది. సంచీలోంచి నీళ్ళ సీసా తీసింది, బిస్కట్ల పొట్లం తీసింది, చిన్న విసనకర్ర తీసింది. గొడుగు విప్పి పిల్ల మీదికి వంచింది. దేనికోసమూ వెతుక్కోలేదు. ఏది ఎక్కడుందో ఆ చేతులకి తెలుసు. ఆ సంచీలో ఇవన్నీ ఉంటాయని పురంధర్‌కి ఇన్నాళ్ళూ తెలియదు.

"వచ్చి కూర్చోండి," అంది. "నిలబడితే ఇంకా ఆలస్యంగా వస్తుంది."

"ఏది?"

"ఏదైనా."

వెళ్ళి కూర్చున్నాడు. కిన్నెర ఇద్దరి మధ్యా దూరి కాళ్ళు ఊపడం మొదలుపెట్టింది.

"నాన్నా, ఆట ఆడదామా?"

"ఏం ఆట?"

"ఎదురుచూసే ఆట. నీకు రాదా?" పిల్ల జాలిగా చూసింది. "ఇప్పుడొచ్చే బండి ఏ రంగో చెప్పాలి. కరెక్టుగా చెప్తే ఒక బిస్కట్టు. ఎర్రది అని మాత్రం చెప్పకూడదు."

"అదేం? ఎర్రది ఎందుకు చెప్పకూడదు?"

"ఎర్రది ముందే వెళ్ళిపోయింది కదా. అదింక రాదు."

పిల్ల ఆ మాట ఏ కోపమూ లేకుండా చెప్పింది, ఆటకి ఉన్న నియమాలు చెప్పినట్టే.

పురంధర్ ఇందుమతి వైపు చూశాడు. ఆవిడ విసనకర్రతో విసురుకుంటూ రోడ్డు వంక చూస్తోంది. అతనికి సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, చెవులు వేడెక్కిపోయాయి. ఇందుమతి చేతిలోంచి విసనకర్ర తీసుకుని, వాళ్ళిద్దరికీ తనే విసరడం మొదలుపెట్టాడు.

"నీలం," అన్నాడు చివరికి.

తెల్ల వ్యాను వచ్చింది. తర్వాత పచ్చ ఆటో వచ్చింది. నాన్నకి ఈ ఆట బొత్తిగా రాదని తేలిపోయింది. కిన్నెర బిస్కట్లన్నీ గెల్చుకుని, పోనీలే పాపమని ఒకటి అతని నోట్లో పెట్టింది.

అప్పుడు మలుపులో ఎర్రగా మెరిసింది.

"అమ్మా! ఎర్రది!" పిల్ల లేచి నిలబడిపోయింది. "ఎర్రది తిరిగొచ్చింది!"

కారు వచ్చి వేపచెట్టు కింద ఆగింది. పైడమ్మ కొప్పు ఊడిపోయి జుట్టంతా మొహం మీద పడి ఉంది. ఆవిడ నవ్వుతోంది. ఆపుకుందామని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటోంది, మళ్ళీ నవ్వొస్తోంది. పోలినాయుడు ఇంజను ఆపేశాడు గానీ దిగలేదు. ఇద్దరూ అలాగే పక్కపక్కన కూర్చుని సముద్రం చూస్తున్నారు.

"ఏటి గాలమ్మా," అంది పైడమ్మ ఇందుమతితో. "మాటాడితే ఇనబడనేదు. అయినా ఇద్దరం మాటాడతానే ఉన్నాం."

ఇందుమతి కూడా నవ్వేసింది.

పోలినాయుడు దిగి గొంతు సవరించుకున్నాడు. ఇంటిదగ్గర సాధన చేసుకొచ్చిన మాటలున్నట్టున్నాయి. "బాబూ, బండి బాగున్నాది. కానీ మూడో గేరు గట్టిగున్నాది. పైగుడ్డ కొక్కెం ఒకటి వొదులైనాది. పద్నాలుగని మీరు రాసినారు గానీ…"

స్వామి చేతిలో గరిటెతో అరుగు మీదికి వచ్చి నిలబడ్డారు.

"పురంధరా, నీ లెక్కలో ఇంకేమైనా మరిచిపోయావా?"

పురంధర్ కల్వర్టు వైపు చూశాడు. పరిచిన తువ్వాలు అలాగే ఉంది. పాతబడి, ఉతికి ఉతికి రంగు వెలిసి, మధ్యలో పలచబడిపోయిన తువ్వాలు.

"మరిచిపోయాను స్వామీ," అన్నాడు. పోలినాయుడి వైపు తిరిగాడు. "తొమ్మిది ఇవ్వండి. కొక్కెం నేనే వేయించి ఇస్తాను. గేరు సంగతి మీరన్నది నిజమే."

పోలినాయుడు తెల్లబోయాడు. దాచుకున్న మాటలన్నీ గొంతులోనే ఉండిపోయాయి. "అదేటి బాబూ, పద్నాలుగని రాసి…"

పైడమ్మ వెనకనుంచి అతని చెయ్యి గిల్లింది. "నోరు మూసుకోవయ్యా! తగ్గిత్తంటే బాధేటి నీకు?"

"అలా కాదే, బేరమాడితేనే కదా బాగుంటాది," అని పోలినాయుడు మీసం దువ్వుకుని, మనసు ఒప్పక, "ఎనిమిదిన్నర," అన్నాడు.

"తొమ్మిది," అన్నాడు పురంధర్ నవ్వుతూ.

"సరే అయితే, తొమ్మిది!" బేరమాడిన తృప్తి మొహం నిండా కనిపించింది. అడ్వాన్సు స్వామి ఎదురుగానే ఇచ్చాడు. మిగతాది మర్నాడు బ్యాంకులో వేసి, బదిలీ కాగితాల మీద సంతకాలయ్యాక బండి తీసుకెళ్ళేట్టు మాట్లాడుకున్నారు. మర్నాడు ఎలాగూ సోమవారం.

అందరూ వరసగా కూర్చుని ఇడ్లీలూ, గోరుచిక్కుడు కూరా తిన్నారు. ఆ రెండింటికీ పొత్తు ఎలా కుదిరిందో గానీ గిన్నెలు ఖాళీ అయ్యాయి. మోపెడ్ మీద వెళ్తూ వెళ్తూ పైడమ్మ వెనక్కి తిరిగి కారుని ఇంకోసారి చూసుకుంది.

ఎండ వాలింది. ఇందుమతి తువ్వాలు దులిపి మడిచి సంచీలో పెట్టుకుంది. "మేం బస్సుకి వెళ్తాం. మీరు ముందెళ్ళి ఇంటి తాళం తీసి ఉంచండి," అంది, ఎప్పుడూ చెప్పే మాటే.

పురంధర్ కారు దగ్గరికి వెళ్ళాడు. పైకప్పు గుడ్డ లాగి కప్పాడు, అద్దాలెత్తాడు, తాళం వేశాడు. ఆ తాళంచెవి తీసుకెళ్ళి స్వామి చేతిలో పెట్టాడు.

"రేపొచ్చి, కొక్కెం వేయించి ఇక్కణ్ణించే ఇచ్చేస్తాను స్వామీ."

"మరి మీరెలా వస్తారు?" అంది ఇందుమతి, అర్థంకాక.

"మీరెలా వస్తారో అలాగే."

ఆవిడ సంచీ భుజాన వేసుకోబోతే పురంధర్ అందుకున్నాడు. ఎంత బరువో!

నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "స్వామీ, ధర సరిగ్గానే చెప్పానా?"

"పరిగెత్తు," అన్నారు స్వామి. "బస్సొచ్చేస్తోంది."

పరిగెత్తారు ముగ్గురూ. పొద్దుట వాళ్ళని దింపిన కండక్టరే తలుపు దగ్గర నిలబడి ఇందుమతిని చూసి పలకరింపుగా నవ్వాడు. "ఏమ్మా, ఇప్పుడు ముగ్గురా?"

"ముగ్గురమే," అంది ఇందుమతి.

"నాన్నా, ఇటు! ఇక్కడ ముగ్గురి సీటు!" కిన్నెర అప్పుడే లోపలికి దూరి, ఎవరూ కూర్చోకుండా రెండు చేతులూ చాపి సీటంతా కాపలా కాస్తోంది. తను కిటికీ పక్కన, ఇందుమతి మధ్యలో, చివర పురంధర్. సంచీ ఒళ్ళో పెట్టుకుంటే మోకాళ్ళు ముందు సీటుకి తగిలాయి. బస్సు కుదిపి కదిలింది. ఇందుమతి భుజం అతని భుజానికి ఆనుకుంది, ఆనుకునే ఉంది.

"నాన్నా, చెప్పు. ఇప్పుడొచ్చేది ఏ రంగు?"

పురంధర్ కిటికీలోంచి చూశాడు. సముద్రం పక్కన రోడ్డు ఖాళీగా ఉంది.

"ఎర్రది అని చెప్పొచ్చా?" అని అడిగాడు.

కిన్నెర కాసేపు ఆలోచించింది. ఆటకి నియమమంటే నియమమే మరి. వంగి, అమ్మ మీదుగా అతని మొహంలోకి చూసింది.

"ఇప్పుడు చెప్పొచ్చులే," అంది. "నువ్విక్కడే ఉన్నావుగా."